చదవడం వస్తేనే చదవాలనిపిస్తుంది

పిల్లలు పుస్తకాలు చదవడం లేదని ఎవరు ఫిర్యాదు చేసినా, వినిపించే మందు ఒక్కటే: ముందు వాళ్లలో ఆసక్తి పెంచాలి. వెంటనే గోడ మీద స్టార్ల చార్టు వెలుస్తుంది. పఠన వారోత్సవం జరుగుతుంది. ఎక్కువ పుస్తకాలు చదివిన వాళ్లకు సర్టిఫికెట్లు ఇస్తారు. వారం గడిచాక చూస్తే, ముందు నుంచీ చదివే పిల్లలే ఇంకో నాలుగు పుస్తకాలు చదివి ఉంటారు. చదవని వాళ్లు అక్కడే ఉంటారు, ఈసారి చార్టులో తమ పేరు ఎదురుగా ఖాళీ గడులతో సహా.

ఈ కార్యక్రమాల వెనక ఒక నమ్మకం ఉంది. ఇష్టం కలిగితే పిల్లలు చదువుతారు, చదివితే చదవడం వస్తుంది అని. కనీసం చిన్న క్లాసుల్లో వరుస చాలావరకు దీనికి ఎదురుగా నడుస్తుందని నా వాదన. చదవడం సులువైన కొద్దీ ఇష్టం పుడుతుంది. ఫిన్లాండ్‌లో మూడు వేలకు పైగా పన్నెండేళ్ల కవల పిల్లలను పరిశీలించిన ఒక అధ్యయనం 2023లో అచ్చయింది. చదివే నైపుణ్యం వల్ల ఇష్టం పెరుగుతున్నట్టు అందులో కనిపించింది. ఇష్టం వల్ల నైపుణ్యం పెరుగుతున్నట్టు మాత్రం దాదాపుగా కనిపించలేదు. ఒక్క అధ్యయనంతో ఏదీ తేలిపోదు కానీ, క్లాసులో టీచర్లు రోజూ చూసేదానికి ఇది బాగానే సరిపోతుంది.

కారణం ఊహించడం కష్టం కాదు. గాఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో ఒక చిన్న సూత్రం చెప్పారు. చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాలను పదాలుగా పలకగలగడం, వింటే అర్థం చేసుకోగలగడం, ఈ రెండింటి గుణకారం. గుణకారం కాబట్టి ఒకటి సున్నా అయితే ఫలితం కూడా సున్నాయే. గుణింతాలు, ఒత్తులు కూడబలుక్కుంటూ చదివే పిల్ల వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో మరిచిపోతుంది. కథ ఎంత బాగున్నా ఆమె దాకా చేరదు. కొత్తగా సైకిల్ నేర్చుకునే వాడు హ్యాండిల్ చూసుకుంటాడే గానీ దారి పక్కన చెట్లను చూడడు. ఆ పిల్లకు 'పుస్తకం ఎంత గొప్ప నేస్తమో' అని ఉపన్యాసం ఇస్తే ఆమెకు అర్థమయ్యేది ఒక్కటే, అందరికీ దొరుకుతున్నదేదో తనకు దొరకడం లేదని.

ఈ తేడా ఒక్క ఏడాదిలోనే ఎంత పేరుకుంటుందో 1988లో అమెరికాలో అయిదో తరగతి పిల్లల మీద చేసిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. బడి బయట రోజుకు దాదాపు 21 నిమిషాలు పుస్తకాలు చదివే పిల్లల కంటి ముందు నుంచి ఏడాదికి సుమారు 18 లక్షల పదాలు వెళ్తాయి. మధ్యలో ఉన్న వాళ్లు చదివేది అయిదు నిమిషాల లోపే, వాళ్ల లెక్క 2.82 లక్షలు. అడుగున ఉన్న వాళ్లది ఏడాది మొత్తానికి ఎనిమిది వేల పదాలు, అంటే మొదటి గుంపు పిల్లలు రెండు రోజుల్లోపే దాటేసేంత. ఉన్నవాడికే ఇంకా వచ్చి చేరుతుందన్న బైబిల్ మాటను (మత్తయి సువార్తలోది) గుర్తుచేస్తూ మనస్తత్వవేత్త కీత్ స్టానోవిచ్ 1986లోనే దీన్ని 'మాథ్యూ ఎఫెక్ట్' అన్నాడు. బాగా చదివే వాళ్లు ఎక్కువ చదువుతారు, ఎక్కువ చదవడం వల్ల ఇంకా బాగా చదువుతారు. అటువైపు పిల్లలకు ఇదే చక్రం తలకిందులుగా తిరుగుతుంది.

మరి బహుమతులు? వాటి మీద వాదన పాతదే. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు ఒక నర్సరీ స్కూల్లో బొమ్మలు గీయడం బాగా ఇష్టపడే మూడు నుంచి అయిదేళ్ల పిల్లలను తీసుకున్నారు. కొందరికి 'బొమ్మ గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం' అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మిగిలిన వాళ్లకు ఏమీ ఇవ్వలేదు. వారం, రెండు వారాల తర్వాత ఖాళీ సమయంలో చూస్తే, ముందే ఒప్పందం చేసుకున్న పిల్లలు బొమ్మల మీద పెట్టిన సమయం మిగతా వాళ్లు పెట్టిన దాంట్లో సగమే. చెప్పకుండా బహుమతి అందుకున్న పిల్లల్లో మాత్రం ఆసక్తి ఏమీ తగ్గలేదు. అంటే చెడు చేసింది సర్టిఫికెట్ కాదు, 'ఇది చేస్తే అది ఇస్తాను' అన్న బేరం. ఇష్టంగా చేస్తున్న పనికి కూలి కట్టినట్టయింది.

దీన్ని పట్టుకుని బహుమతులన్నీ దండగ అనేవాళ్లు ఉన్నారు. నేను అంత దూరం వెళ్లను. ఆర్థికవేత్త రోలాండ్ ఫ్రయర్ అమెరికాలోని కొన్ని నగరాల్లో విద్యార్థులకు డబ్బిచ్చి చూసి, ఆ ఫలితాలను 2011లో ప్రచురించాడు. డల్లస్‌లో రెండో తరగతి పిల్లలకు పుస్తకం చదివి చిన్న క్విజ్ రాస్తే రెండు డాలర్లు ఇచ్చారు. ఇంగ్లీషులో పరీక్ష రాసిన పిల్లల్లో చదివి అర్థం చేసుకునే శక్తి పెరిగింది. స్పానిష్‌లో రాసిన వాళ్లలో ఆ లాభం కనిపించలేదు. న్యూయార్క్‌లో పరీక్ష మార్కులకు, షికాగోలో గ్రేడ్లకు డబ్బిచ్చారు, అక్కడ పెద్దగా ఏమీ జరగలేదు. పుస్తకం చదవడం పిల్లవాడి చేతిలో ఉన్న పని. మార్కులు ఎలా తెచ్చుకోవాలో వాడికి తెలిస్తే ఎవరూ చెప్పకుండానే తెచ్చుకునేవాడు.

ఈ రెండింటినీ కలిపి చూస్తే నాకు తోచేది ఇది. చదవడానికి అసలు దగ్గరికే రాని పిల్లను ఒకసారి కూర్చోబెట్టడానికి చిన్న బహుమతి పనికొస్తుంది. ఇప్పటికే ఇష్టంగా చదివే పిల్లకు అదే బహుమతి నష్టం చేయొచ్చు. మన చార్టులు, సర్టిఫికెట్లు సరిగ్గా ఆ రెండో పిల్ల చేతికే వెళ్తున్నాయి. ఏదైనా ఇవ్వాలనే ఉంటే పుస్తకమే ఇవ్వడం మేలు. మూడో తరగతి పిల్లల మీద మారినాక్, గాంబ్రెల్ 2008లో ప్రచురించిన ప్రయోగంలో, పుస్తకం బహుమతిగా అందుకున్న వాళ్లలో చదివే ఆసక్తి తగ్గలేదు, చిన్న చిన్న వస్తువులు అందుకున్న వాళ్లలో తగ్గింది.

ఇక ఏ పుస్తకాలు అన్న ప్రశ్న. రిచర్డ్ ఆలింగ్టన్ బృందం ఫ్లోరిడాలో పేద కుటుంబాల పిల్లలకు వరుసగా మూడు వేసవి సెలవుల్లో, సెలవుకు పన్నెండేసి పుస్తకాలు ఉచితంగా ఇచ్చింది. పిల్లలే ఎంచుకున్నారు. పాఠాల్లేవు, పరీక్షల్లేవు. మూడేళ్ల తర్వాత ఆ పిల్లలు చదవడంలో తోటివాళ్ల కంటే ముందున్నారు. పిల్లలు ఏరి కోరి తీసుకున్నవాటిలో పాప్ స్టార్లు, టీవీ తారల గురించిన పుస్తకాలకు గిరాకీ బాగా ఉంది. పెద్దవాళ్లు పెట్టే జాబితాలో అలాంటి పుస్తకం ఒక్కటీ ఉండదు. మన జాబితాలో ఏముంటాయో అందరికీ తెలుసు: మహనీయుల జీవిత చరిత్రలు, చివర్లో నీతి ఉన్న కథలు. కథ అయిపోయాక 'ఈ కథలో నీతి ఏమిటి' అని అడిగే అలవాటు ఎందరు పిల్లలను పుస్తకాలకు దూరం చేసిందో లెక్క వేసిన వాళ్లు లేరు.

కామిక్స్, క్రికెట్ వివరాలు, రాక్షసబల్లులు, జోకుల పుస్తకాలు, బండి మాన్యువల్ అయినా సరే, చదివితే చదివినట్టే. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. 1988లో రెక్ట్, లెస్లీ జరిపిన ప్రయోగంలో పిల్లల చేత ఒక బేస్‌బాల్ ఆట వర్ణన చదివించారు. ఆట బాగా తెలిసిన 'వెనకబడ్డ' పాఠకులు, ఆట తెలియని 'మంచి' పాఠకుల కంటే దాన్ని బాగా అర్థం చేసుకున్నారు. తెలిసిన విషయం మీద చదువుతున్నప్పుడు బలహీన పాఠకుడు కూడా కాసేపు బలమైన పాఠకుడే. ఆ కాసేపు వాడికి చాలా అవసరం. అయితే ఎంపిక అంటే ఆరు వందల పుస్తకాల ముందు వదిలేయడం కాదు. వాడి స్థాయికి, ఇష్టానికి దగ్గరగా ఉన్న ఆరు పుస్తకాలు ముందు పెట్టి, 'నచ్చకపోతే సగంలో ఆపేయ్' అంటే చాలు. ఆపేసే హక్కు పెద్ద పాఠకులందరికీ ఉంది, పిల్లలకు మాత్రం ఎందుకో ఇవ్వం.

లైబ్రరీ పీరియడ్ పెట్టి అందరూ మౌనంగా చదవండి అనడం చాలామందికి నచ్చే పద్ధతి. అమెరికాలో నేషనల్ రీడింగ్ ప్యానెల్ అనే నిపుణుల కమిటీ 2000లో ఈ పద్ధతిని పరిశీలించి, దీనివల్ల ధారాళంగా చదవడం వస్తుందనడానికి చాలినంత ఆధారం దొరకలేదంది. చదవడం రాని పిల్లలు ఆ అరగంట పేజీలు తిప్పుతారు, బొమ్మలు చూస్తారు, పక్కవాడితో సైగలు చేస్తారు. ఆ సమయంలో టీచర్ రిజిస్టర్లు దిద్దుకోకుండా ఒక్కొక్కరి పక్కన రెండు నిమిషాలు కూర్చుని చదివించుకుని వింటే, అదే పీరియడ్ పనికొచ్చేదవుతుంది.

బలహీనంగా చదివే పిల్లలకు నిజంగా పనికొచ్చే సాధనం ఒకటి ఉంది, అది చూడటానికి విసుగ్గా ఉంటుంది: ఒకే భాగాన్ని మళ్లీ మళ్లీ చదవడం. జే శామ్యూల్స్ 1979లో ఈ పద్ధతి గురించి రాశాడు. వంద పదాల ముక్కను నాలుగైదు సార్లు చదివితే నాలుక తిరుగుతుంది, వేగం వస్తుంది, ఆ తర్వాత ముక్క కూడా మునుపటి కంటే తేలికవుతుంది. చిక్కంతా మళ్లీ చదవమంటే పిల్లలు 'ఇప్పుడే చదివాను కదా' అనడంతోనే. దీనికి మంచి టీచర్లు కనిపెట్టిన ఉపాయం నాటకం. కథను సంభాషణలుగా పంచి, శుక్రవారం పుస్తకం చేత్తో పట్టుకునే పక్క క్లాసు ముందు చదవాలి అంటే, నాలుగు రోజులు ఇరవై సార్లు చదివినా విసుగనరు. ఇంకో ఉపాయం అయిదో తరగతిలో వెనకబడ్డ పిల్లవాణ్ని ఒకటో తరగతి పిల్లలకు కథ చదివి వినిపించడానికి పంపడం. సొంతానికి చిన్నపిల్లల పుస్తకం పట్టుకుంటే వాడికి నామోషీ. తమ్ముడికి చదివి వినిపించాలంటే ముందు తాను ప్రాక్టీస్ చేయాలి, ఇక అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఆ సిగ్గు గురించి తక్కువ మాట్లాడుకుంటున్నాం. వరుసగా లేపి ఒక్కో పేరా పైకి చదివించే పద్ధతిలో, సరిగా చదవలేని పిల్లవాడు తన వంతు వచ్చేదాకా పాఠం వినడు. తనకు ఏ పేరా వస్తుందో లెక్కపెట్టుకుంటూ టెన్షన్ పడతాడు. వంతు వచ్చాక తడబడతాడు, క్లాసు నవ్వుతుంది. చదవడమంటే వాడికి ఇక గుర్తుండేది ఆ నవ్వే.

మెచ్చుకోవడంలోనూ తేడా ఉంది. 1998లో ముల్లర్, డ్వెక్ చేసిన ప్రయోగాల్లో 'నువ్వు తెలివైనవాడివి' అనిపించుకున్న పిల్లలు తర్వాత కష్టమైన పజిళ్లకు జంకారు, 'బాగా కష్టపడ్డావు' అనిపించుకున్న వాళ్లు తలపడ్డారు. చదివేటప్పుడు ఇంకా నిర్దిష్టంగా చెప్పొచ్చు: 'ఆ మాట అర్థం కాలేదని వెనక్కి వెళ్లి మళ్లీ చదివావు చూడు, అది బాగుంది.'

వనరుల కొరత గురించి చాలా వింటాం. కొరత ఉన్నమాట నిజమే, కానీ ఉన్న పుస్తకాలు బీరువాలో తాళం వేసి ఉండటం దానికంటే బాధాకరం. చిరిగితే ఎవరు లెక్క చెప్పాలి అన్న భయమే ఆ తాళం. పుస్తకాలు వాడుకోవడానికే అన్నది ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన గ్రంథాలయ సూత్రాల్లో మొదటిది, తొంభై ఏళ్లు దాటినా తాళాలు అలాగే ఉన్నాయి. చిరిగిన పుస్తకాన్ని నష్టంగా రాసే నిబంధన ఉన్నంతకాలం తప్పు టీచర్లది కూడా కాదు. ఇక ఇంటర్నెట్ ఉన్నచోట ప్రథమ్ బుక్స్ అనే పిల్లల పుస్తకాల సంస్థ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ లాంటి వేదికలు బొమ్మల కథలను చాలా భాషల్లో, స్థాయిల వారీగా, ఉచితంగా ఇస్తున్నాయి. డౌన్‌లోడ్ చేసి అచ్చు వేసుకోవచ్చు. పేజీకి ఇన్ని పాయింట్లు అంటూ లెక్కగట్టే యాప్‌లు మాత్రం స్టార్ల చార్టుకు తమ్ముళ్లే.

చదవని పిల్లలందరినీ ఒకే గాటన కట్టడం దగ్గరే అసలు పొరపాటు జరుగుతోంది. చదవలేక చదవని వాళ్లు వేరు, చదవగలిగీ చదవని వాళ్లు వేరు. మొదటి వాళ్లకు ధ్వనులు, గుణింతాలు, మళ్లీ మళ్లీ చదవడం, పక్కన కూర్చుని వినే మనిషి కావాలి. రెండో వాళ్లకు మంచి ఎంపిక, ఖాళీ సమయం, చదివినదాని గురించి ముచ్చటించే స్నేహితులు కావాలి. ఎవరు ఎటువైపో తెలుసుకోవడానికి ఖరీదైన పరీక్షలు అక్కర్లేదు. తెలియని కథలోంచి ఒక పేజీ ఇచ్చి చదివించుకుని, ఏం జరిగిందో చెప్పమంటే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. నలభై మంది ఉన్న క్లాసుకైనా ఎనభై నిమిషాలే, అంటే దాదాపు రెండు పీరియడ్లు. వచ్చే పఠన వారోత్సవంలో మొదటి రోజు ప్రారంభ సభ బదులు ఈ పని పెట్టుకుంటే, మిగిలిన రోజులు ఎవరి కోసం ఏం చేయాలో టీచర్ చేతిలో ఒక జాబితా ఉంటుంది.