అనాథ చివరికి రాజకుమారుడు కాకూడదు

తెలుగులో చారిత్రక కథ అనగానే మొదట్లో తల్లీతండ్రీ లేని కుర్రాడు కనిపించాడంటే, వాడెవరో పాఠకుడు అప్పుడే పసిగట్టేస్తాడు. కోట కూలిన రాత్రి దాది ఎత్తుకుని పారిపోయి పెంచిన రాజకుమారుడు. భుజం మీద పుట్టుమచ్చ ఉంటుంది. ఆఖర్న ముసలి సేనాపతి ఒకాయన ఆ మచ్చ చూసి కాళ్ల మీద పడతాడు. జానపద కథలు, సినిమాలు, సీరియళ్లు అన్నీ ఈ దారినే నడిచాయి. ఈ అలవాటు మనకు చాలా చెడుపు చేసిందని నేను నమ్ముతున్నాను. అనాథ పడ్డ కష్టం లెక్కలోకి రావాలంటే వాడి ఒంట్లో రాజరక్తం పారాలని ఇది మనకు నూరిపోసింది. రాజరక్తం లేనివాడు ఏడ్చినా చచ్చినా కథ కాడు.

విశాఖ చుట్టుపక్కల చరిత్రనే తీసుకోండి. 1757 బొబ్బిలి యుద్ధం, 1794 పద్మనాభ యుద్ధం, 1922లో మొదలైన మన్యం పోరాటం. వీటి మీద పాటలున్నాయి, నాటకాలున్నాయి, సినిమాలున్నాయి. ఉండాల్సిందే. కానీ పద్మనాభంలో విజయనగరం రాజు విజయరామరాజుతో పాటు నేలకూలిన మామూలు సిపాయి కొడుకు ఆ రాత్రి ఎవరి అరుగు మీద పడుకున్నాడు? గూడెం, చింతపల్లి అడవుల్లో రోడ్లు వేయించిన రోజుల్లో తండ్రి జ్వరమొచ్చి పోతే ఆయన మోయాల్సిన రాళ్లు ఎవరి నెత్తికెక్కాయి? అల్లూరి ఎందుకు ఆయుధం పట్టాడో ఆ గుంటడి కళ్లతో చూస్తే తెలిసినంతగా మరెక్కడా తెలియదు. అలాంటి నవల కోసం వెతికితే మన అరల్లో దొరకడం కష్టం.

జాలి కోసం ఈ మాట అనడం లేదు. అణచివేత ఎలా పనిచేస్తుందో అర్థం కావాలంటే అనాథను మించిన పాత్ర లేదు. మిగతావాళ్లకు ఏదో ఒక అడ్డు ఉంటుంది: ఎకరం నేల, మేనమామ, కులపెద్ద, కనీసం తలదాచుకునే ఓ పంచ. దెబ్బ వాటికి తగిలి, కాస్త తగ్గాక మనిషి మీద పడుతుంది. అనాథకు నేరుగా తగులుతుంది. విశాఖ ఏజెన్సీలో గోతి అనే పద్ధతి ఉండేది. అప్పు తీసుకున్నవాడు అది తీరేదాకా షావుకారు దగ్గర చాకిరీ చేయాలి. తీరకుండానే పోతే ఆ చాకిరీ కొడుకు మీద పడేది. తండ్రి నుంచి చిల్లిగవ్వ ఆస్తి రాని పిల్లాడికి అప్పు మాత్రం పదిలంగా చేతికొచ్చేది. ఏజెన్సీలో ఈ అప్పు బానిసత్వాన్ని మద్రాసు ప్రభుత్వం 1940లో నిషేధించింది. దేశమంతటికీ వెట్టిచాకిరీ రద్దు చట్టం రావడానికి 1976 దాకా ఆగాల్సి వచ్చింది. ఒక్క పిల్లాడి జీవితంలో ఈ రెండు చట్టాలూ ఇమిడిపోతాయి. పదేళ్లకు తండ్రి అప్పు నెత్తికెత్తుకున్నవాడు మొదటి చట్టం సంగతి తెలియకుండానే ముసలివాడై, రెండో చట్టం నాటికి ఇంకా అదే ఇంట్లో గొడ్లు కాస్తూ ఉండి ఉండొచ్చు. ఇంతకన్నా నవల ఏం కావాలి?

ఇక పుట్టుమచ్చ సంగతి. ఇది నన్ను చాలాకాలంగా నిద్రపోనివ్వని విషయం. 1860 నుంచి 1911 దాకా మన దేశం నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు దాదాపు లక్షా యాభై రెండు వేల మందిని చెరకు తోటల్లో, గనుల్లో, రైల్వేల్లో పనికి ఒప్పందం మీద ఓడలెక్కించారు. అందులో ఎక్కువమంది మద్రాసు నుంచి వెళ్లినవాళ్లు. కూలీలను బాగా పట్టుకెళ్లిన జిల్లాల్లో మన విశాఖపట్నం ఒకటి, గంజాం మరొకటి. ఆ ఓడల జాబితాలు ఇప్పటికీ ఉన్నాయి. మనిషికి ఒక నంబరు. పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు. ఇంకో గడిలో ఒంటి మీద గుర్తులు: మచ్చలు, గాయాల గీతలు, పచ్చబొట్లు. మన కథల్లో పుట్టుమచ్చ రాజకుమారుణ్ణి సింహాసనం మీద కూర్చోబెడుతుంది. ఆ రిజిస్టర్‌లో పుట్టుమచ్చ పారిపోయిన కూలీని పట్టిచ్చేది. ఇదీ చరిత్ర. మనం మాత్రం రాజుగారి మచ్చ మీద వందల కథలు అల్లుకుని, కూలీ మచ్చను నేటాల్ రేవు డర్బన్ కాగితాల్లో వదిలేశాం.

ఆ తోటల్లో తల్లీతండ్రీ పోయిన పిల్లను ఊహించండి. అయిదేళ్ల ఒప్పందం ముగిశాక అక్కడే ఉండిపోయిన కూలీల మీద నేటాల్ ప్రభుత్వం ఏటా మూడు పౌండ్ల పన్ను వేసింది. 1903లో దాన్ని పిల్లలకూ తగిలించింది. పదమూడేళ్లు దాటిన ఆడపిల్ల, పదహారేళ్లు దాటిన మగపిల్లాడు కట్టాలి. 1914 దాకా ఆ పన్ను నడిచింది. పదమూడో పుట్టినరోజు అంటే భయపడే పిల్ల. వాళ్లమ్మ భీమిలి దగ్గర ఏదో పల్లె పేరు చెప్పేది, అది ఏ దిక్కున ఉందో పిల్లకు తెలియదు. ఈ ఒక్క వాక్యం దగ్గర మొదలుపెట్టినా మూడొందల పేజీలు తన్నుకొస్తాయి.

నేటాల్ దూరం అనుకుంటే బర్మా ఉంది. కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి రంగూన్ స్టీమర్ ఎక్కినవాళ్లు లేని కుటుంబం ఒకప్పుడు ఉత్తరాంధ్ర పల్లెల్లో అరుదు. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగం మందికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసేది మనవాళ్లు, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చేది మనవాళ్లు, రిక్షా లాగేది మనవాళ్లు. అక్కడ వాళ్లను కోరంగీలు అని పిలిచేవారు. 1930 మేలో ఈ రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా వాళ్లను పనిలోకి తెచ్చుకున్నాయి. సమ్మె తీరగానే ఆ బర్మా వాళ్లను పొమ్మన్నాయి. కడుపు మండిన కూలీకీ కడుపు మండిన కూలీకీ మధ్య కత్తులు లేచాయి. ఆ అల్లర్లలో వందమందికి పైనే చనిపోయారు. చచ్చినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లు. వాళ్ల పిల్లలు? మంచి నవలాకారుడు ఇక్కడ ఎవర్నీ రాక్షసుణ్ణి చేయడు. తండ్రిని చంపిన చేయి కూడా నిన్నటిదాకా ఆకలితో వణికిన చేయే అని ఆ పిల్లాడికి ఎప్పటికి తెలుస్తుంది? అసలు తెలుస్తుందా? నవల బరువంతా అక్కడే.

1941 డిసెంబర్ 23న జపాన్ బాంబులు రంగూన్ మీద పడ్డాయి. రేవు పక్కన ఉండే కూలీలకు దాక్కునే చోటు కూడా లేదు. స్టీమర్ టికెట్ దొరికినవాళ్లు బతికిపోయారు. మిగతావాళ్లు నడిచారు. ప్రోమ్ మీదుగా కొండలు దాటి అరకాన్ తీరానికి కొందరు, మణిపూర్ వైపు మరికొందరు. దారి పొడుగునా కలరా. లక్షల మంది నడిచారు, వేలమంది దారిలోనే పోయారు. తెల్లవాళ్లకు ఒక దారి, మనవాళ్లకు ఒక దారి అని ఆనాడే దేశం గగ్గోలు పెట్టింది. ఆ గుంపులో తొమ్మిదేళ్లవాడు ఒకడు. అమ్మ కొండమీద పోయింది. తర్వాత ఎవరిదో కొంగు పట్టుకుని నడిచాడు. చిట్టగాంగ్, కలకత్తా, అక్కణ్ణుంచి రైలు. విశాఖలోని వాల్తేరు స్టేషన్‌లో దిగాడు.

దిగేసరికి ఊళ్లో ఎవరూ లేరు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద కూడా జపాన్ బాంబులు పడ్డాయి కదా. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. బాంబులు తప్పించుకుంటూ వందల మైళ్లు నడిచి ఇల్లు చేరిన పిల్లాడికి తాళాలు వేసిన వీధులు ఎదురయ్యాయి. 'మీ నాన్న నాకు తెలుసురా' అనగలిగినవాళ్లు ఎక్కడికో వెళ్లిపోయారు. ఇది నేను కల్పించిన మలుపు కాదు, రెండు తేదీలను పక్కపక్కన పెడితే దానంతటదే వచ్చే ఘట్టం. మన రచయితలు దీన్ని ఇన్నేళ్లు ముట్టుకోకుండా ఎలా ఉండగలిగారో నాకు అంతుపట్టదు.

దీనికి వచ్చే అభ్యంతరం ఎరిగిందే. రాజులకు శాసనాలున్నాయి, అనాథకు ఏముంది, ఆధారం లేకుండా రాస్తే చారిత్రక నవల ఎలా అవుతుంది అంటారు. అంతా ఏడుపుగొట్టు కథ అయిపోతుందని, పాఠకుడు కాస్త గర్వపడే కథ కోరుకుంటాడని కూడా అంటారు. పైన చెప్పిన తేదీలు, పన్నులు, ఓడల జాబితాలు ఆధారాలు కాకపోతే మరేమిటి? రాజు అంతఃపురంలో రాణితో ఏం మాట్లాడాడో ఏ శాసనంలో ఉందని రాస్తున్నారు? అక్కడ చెల్లిన కల్పన ఇక్కడ చెల్లదా? గర్వం మాటకొస్తే, తొమ్మిదేళ్ల పిల్లాడు ఆ కొండలు దాటి ప్రాణాలతో ఇల్లు చేరడం కన్నా గర్వపడాల్సిందేముంది?

అసలు రోగం నవలల్లో లేదు, మన ఊరి జ్ఞాపకంలో ఉంది. విశాఖ దేన్ని గుర్తుపెట్టుకుందో చూడండి. భీమిలి డచ్చి వాళ్ల సమాధుల మీద ఇప్పటికీ పేర్లు చదువుకోవచ్చు. బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియానికి వెళితే జపాన్ బాంబు చూపిస్తారు. 1933లో ఓడరేవు తెరిచారు. అంతకుముందు అలల ఉధృతి ఆపడానికి రెండు పాత ఓడలను కావాలనే ముంచి అడ్డుకట్టగా వేశారు. వాటి పేర్లు జానస్, వెల్లెడ్సన్ అని పోర్టు చరిత్ర రాసిన ప్రతివాళ్లూ రాస్తారు. ముంచేసిన ఓడలకు కూడా పేర్లు మిగిలాయి. ఆ బురదలో దిగి రేవు తవ్విన కూలీల్లో ఒక్కడి పేరు చెప్పగలమా? వాళ్లలో మలేరియాతో పోయినవాళ్లు ఎందరు, వాళ్ల పిల్లలు ఏ గోదాం వెనక పెరిగారు? ఈ ప్రశ్న అడిగే అలవాటే ఊరికి లేదు. అడగని ఊళ్లో రచయితకు మాత్రం ఎక్కణ్ణుంచి పుడుతుంది?

డర్బన్ వాళ్లు తమ ఓడల జాబితాలను కంప్యూటర్లోకి ఎక్కించుకున్నారు. అక్కడి తెలుగువాళ్లు ముత్తాత ఊరి పేరు వెతుక్కుంటున్నారు. ఆ ఊళ్లు ఇక్కడ ఉన్నాయి, మనం మాత్రం వెతకడం లేదు. కలెక్టరేట్ రికార్డు గదుల్లో, పాత ఆసుపత్రి పుస్తకాల్లో, మిషన్ బడుల హాజరు పట్టీల్లో ఏం మిగిలిందో ఎవరో ఒకరు కూర్చుని చూడాలి. చెదలు పట్టకముందే చూడాలి.

కాగితాల కన్నా ముందు మనుషులున్నారు. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఉంది. 1962లో బర్మాలో సైన్యం గద్దెనెక్కాక తిరిగొచ్చిన కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. వాళ్లలో 1942 నడకను కళ్లారా చూసినవాళ్లు, చూసినవాళ్ల నోట విన్నవాళ్లు ఉంటారు. ఆనాడు ఆరేళ్ల పిల్లలకు ఇప్పుడు తొంభై. నా విన్నపం ఆంధ్ర విశ్వవిద్యాలయం తెలుగు, చరిత్ర శాఖల అధ్యాపకులకు, నవల రాయాలని ఉన్న ప్రతి కుర్రాడికీ, ప్రతి అమ్మాయికీ. ఫోను పట్టుకుని ఆ వీధుల్లోకి వెళ్లండి. ఏ రేవులో ఓడ ఎక్కారు, కూలీలను కుదిర్చే ఏ మేస్త్రీ తీసుకెళ్లాడు, అడ్వాన్స్ ఎంత ఇచ్చాడు, ఏ మిల్లులో పని, దారిలో ఎవరు పోయారు, పోయినవాళ్ల పిల్లల్ని ఎవరు చేరదీశారు అని అడిగి రికార్డు చేయండి. చేరదీసినవాళ్ల సంగతి మరీ మరీ అడగండి. దీనికి గ్రాంటు అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టొచ్చు.