ఎత్తు అనగానే చదరంగమేనా?

గుకేశ్ సింగపూర్‌లో ప్రపంచ చదరంగం టైటిల్ గెలిచిన 2024 డిసెంబరు నుంచి మా చెన్నై వేళచ్చేరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం తిరుగుతూనే ఉంది. "చదరంగం ఆడేవాడికి రాజకీయం వెన్నతో పెట్టిన విద్య. ఎదుటివాడి మనసు ఇట్టే చదివేస్తాడు, లెక్కల్లో ఫస్టొస్తాడు. మీ పిల్లల్ని చేర్పించండి. కంప్యూటర్లు వచ్చాకే ఆట చచ్చిపోయింది." చచ్చిన ఆటలో పిల్లల్ని చేర్పించమనడం దేనికో మరి.

ముందు రాజకీయం. రష్యా మాజీ ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ కంటే ఎత్తులు తెలిసినవాడెవరు? 2007లో రష్యా అధ్యక్ష పదవికి పోటీ చేద్దామంటే మద్దతుదారుల సభకు అద్దె హాలే దొరకలేదు, తప్పుకున్నాడు. బల్ల మీద పావులన్నీ కనిపిస్తాయి, హాలు తాళంచెవి ఎవరి చేతిలో ఉందో కనిపించదు. "ఎత్తుకు పైఎత్తు" అని పేపర్లు రాసీ రాసీ రెండూ ఒకటే అనుకుంటున్నాం. నిజానికి రాజకీయమే ఆటను కదుపుతుంది. 2022 చదరంగం ఒలింపియాడ్ మాస్కోలో జరగాల్సింది. ఉక్రెయిన్‌పై యుద్ధంతో మహాబలిపురానికొచ్చింది, మన నేపియర్ వంతెనకు నలుపు తెలుపు గళ్లు పడ్డాయి.

మనసు చదవడమా? సింగపూర్‌లో పద్నాలుగో ఆటలో ప్రత్యర్థి డింగ్ ఏనుగును తప్పు గడిలో పెట్టాడు. గుకేశ్ చదివింది ఆ గడిని. మానసిక శిక్షకుడిగా ప్యాడీ అప్టన్‌ని పెట్టుకున్నాడంటే, అది తన మనసు చెదరకుండా చూసుకోడానికి.

ఇక లెక్కలు. 1973లో ఛేజ్, సైమన్ అనే పరిశోధకులు నిజమైన ఆటలోని పావుల అమరికను ఐదు సెకన్లు చూపిస్తే, మాస్టర్ చాలావరకు తిరిగి పేర్చాడు. పావుల్ని ఇష్టమొచ్చినట్టు చెదరగొట్టి చూపిస్తే కొత్తవాడికీ అతనికీ పెద్ద తేడా లేదు. జ్ఞాపకశక్తి ఆటకే అతుక్కుని ఉందన్నమాట. ఇంగ్లాండులో 100 బడుల్లో చదరంగం నేర్పి చూశారు. 2016 నివేదికలో లెక్కల మార్కులపై ప్రభావమేమీ తేలలేదు. మావాడు ముప్ఫై ఎత్తుల ఆట గడగడా ఒప్పజెబుతాడు, పాల ప్యాకెట్టుకు పంపితే చిల్లర కౌంటర్ మీదే వదిలేసి వస్తాడు.

కంప్యూటరు సంగతి రెండు ముక్కల్లో. కాస్పరోవ్ డీప్ బ్లూ అనే కంప్యూటరు చేతిలో ఓడింది 1997లో. గుకేశ్ పుట్టింది 2006లో. 1988లో గ్రాండ్‌మాస్టరంటే విశ్వనాథన్ ఆనంద్ ఒక్కడే ఉన్న దేశంలో ఇప్పుడు వాళ్లు 80 దాటారు. గుకేశ్‌ని అతని కోచ్ విష్ణు ప్రసన్న చాలాకాలం ఇంజిన్ల, అంటే ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాముల జోలికే పోనివ్వలేదు.

పోయిన ఆదివారం టోర్నమెంటులో పిల్లల ఫోన్లన్నీ గుమ్మం దగ్గర ట్రేలో పెట్టించుకున్నారు. మా ఫోన్లు మాత్రం మా చేతుల్లోనే ఉన్నాయి. నా పక్క కుర్చీలో తండ్రి అప్పుడే ఆ సందేశాన్ని ఇంకో గ్రూపుకి పంపుతున్నాడు.