అప్‌డేట్లు కలపనివ్వని రికవరీ డిస్కులు ఎందుకండీ మాకు?

విండోస్ సెవెన్ ఇంకా వాడుతున్నారా మేడం అని నవ్వాలనుకునేవాళ్లు ఇక్కడే నవ్వేసి పోండి. కింద నవ్వితే మర్యాద దక్కదు.

ఇప్పుడే, పావుగంట కూడా కాలేదు, కొత్త ప్రింటర్ డ్రైవర్ ఎక్కించబోతే "సర్వీస్ ప్యాక్ 1 ఉండాలి" అని చిన్న డబ్బా ఒకటి చూపించి మూసుకుపోయింది. ఎవరికి చెబుతున్నావు తల్లీ? 2011 ఫిబ్రవరిలో సర్వీస్ ప్యాక్ 1, అంటే అప్పటిదాకా వచ్చిన విండోస్ సెవెన్ అప్‌డేట్ల మూట, వచ్చిన కొత్తల్లోనే ఇదే ల్యాప్‌టాప్‌లో వేసుకున్నదాన్ని నేను. జియో లేని రోజులవి. డాంగిల్ రీఛార్జి చేయించుకుని, ఎంబీలు లెక్కపెట్టుకుంటూ, రాత్రి షాపు మూశాక డౌన్‌లోడ్ పెట్టుకునేవాళ్లం. ఆ తర్వాత 2020 జనవరి 14న విండోస్ సెవెన్‌కి సపోర్ట్ ఆపేసేదాకా ఒక్క అప్‌డేట్ వదల్లేదు. ఆ కష్టమంతా ఏమైంది? కంపెనీ వాడి రికవరీ డిస్కులు, అదే, సిస్టం పోతే విండోస్‌ని మళ్లీ ఎక్కించే డీవీడీలు, మింగేశాయి.

మొన్న వానకి మా వీధిలో కరెంటు పోతూ వస్తూ ఆడుకుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, ఛార్జర్ మీదే నడుస్తుంది. హార్డ్ డిస్క్ పోయింది. ఫైళ్లు పోలేదు, అవన్నీ వేరే డ్రైవ్‌లో ఉన్నాయి, కాబట్టి బ్యాకప్ గురించి ఉపన్యాసం వద్దు. కొత్త డిస్క్ వేయించి, బీరువాలోంచి రికవరీ డీవీడీలు తీశా. మార్కర్‌తో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని నేనే రాసుకున్న అంకెలు ఇంకా చెరగలేదు. ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుంటూ పోతే సగం రోజు గడిచాక అంతా సక్సెస్ అంది. తెర మీద చూస్తే 2010లో పెట్టె విప్పిన రోజు ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది. డిగ్రీ చదివే కొడుక్కి బారసాల చొక్కా తొడిగినట్టు.

సర్వీస్ ప్యాక్ లేదు, అప్‌డేట్లు లేవు. కానీ అరవై రోజుల ట్రయల్ యాంటీవైరస్ మాత్రం భద్రంగా ఉంది! ఆట డెమోలు ఉన్నాయి. బ్రౌజర్ తెరిస్తే ఎవడిదో టూల్‌బార్ ఉంది. ల్యాప్‌టాప్ రిజిస్టర్ చేసుకోండి, బహుమతులు గెలుచుకోండి అని పాపప్ కూడా ఉంది. ఏ సంవత్సరం బహుమతులు నాయనా? చెత్తని మాత్రం ఇన్నేళ్లు పదిలంగా దాచి, మనకి పనికొచ్చేది ఒక్కటీ దాచుకోనివ్వని డిస్కులివి.

మా షాపు సంగతి తెలియనివాళ్లకి చెప్తున్నా. నెల్లూరులో డీటీపీ చేస్తాం. శుభలేఖలు, బిల్ బుక్కులు, కరపత్రాలు. తెలుగు డీటీపీ అంటే పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాం, అను ఫాంట్లు, అంతే. పేజ్‌మేకర్‌లో 2001లో వచ్చిన ఏడో వెర్షనే ఆఖరు. మా పాత ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. వాటిలో ఉన్నది యూనికోడ్ కాదు, ఇంకోచోట తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిపి కక్కుతుంది. కొత్త సిస్టంలో ఎక్కించి చూశాం, ఒక్కో రోజు ఒక్కో పేచీ. బుచ్చిరెడ్డిపాళెం నుంచి ఒకాయన వచ్చి "పెద్దమ్మాయికి వేసిన కార్డే కావాలమ్మా, పేర్లు, ముహూర్తం మార్చు చాలు" అంటాడు. ఆ కార్డు 2013 నాటిది. ఏ సిస్టంలో తీయమంటారు?

పేజ్‌మేకర్‌కి అప్‌డేట్లతో పనేంటి అంటారు కొందరు తెలివైనవాళ్లు. పేజ్‌మేకర్‌కి లేదు, కస్టమర్ల పెన్‌డ్రైవులకి ఉంది. మ్యాటర్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చారంటే దాంతోపాటు వైరస్ ఉచితం. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయే తమాషా చూడని షాపు నెల్లూరులో ఉందా? 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వానాక్రై వైరస్ వచ్చినప్పుడు మన ఆంధ్రాలో పోలీసుల కంప్యూటర్లే లాక్ అయ్యాయి. దానికి విరుగుడు ఆ ఏడాది మార్చిలోనే అప్‌డేట్‌గా వచ్చింది, నేను అప్పుడే వేసుకున్నా. ఇప్పుడు మళ్లీ అది లేదు. ఇల్లు కాలి కొత్తది కట్టుకుంటే పాత దొంగలకి పాత తాళంచెవే పనికొస్తుందన్నమాట.

సరే, మళ్లీ అప్‌డేట్ చేసుకుందాం అంటే అది ఇంకో నరకం. 2019లో అప్‌డేట్ల మీద పెట్టే డిజిటల్ సంతకం పద్ధతి మార్చారు, షా-1 పోయి షా-2 వచ్చింది. షా-2 తెలియని సిస్టంలో కొత్త అప్‌డేట్ ఎక్కదు. షా-2 నేర్పేది కూడా ఒక అప్‌డేటే. అది ఎక్కాలంటే ముందు సర్వీస్ ప్యాక్ 1 ఉండాలి. పోనీ విండోస్ అప్‌డేటే అవన్నీ తెచ్చుకుంటుందా అంటే, పాత సిస్టంలు తలుపు తట్టే సర్వర్లని 2020 ఆగస్టులో మూసేశారు. బటన్ నొక్కితే తిరుగుతూ తిరుగుతూ ఎర్ర గుర్తు పడుతుంది. సైట్‌కి వెళ్లి దించుకుందామంటే డిస్కులతో వచ్చింది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8, దాంట్లో ఈ కాలం సైట్లు సగం తెరుచుకోవు. చివరికి ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి, కేబుల్‌తో ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుంటున్నా. అర జీబీకి పైగా ఉంది ఆ సర్వీస్ ప్యాక్ ఒక్కటే.

ఇదంతా ఎందుకు? ఆ రికవరీ డిస్కులు రైట్ చేసే ప్రోగ్రాంలో "ఇప్పటిదాకా వేసుకున్న అప్‌డేట్లతో కలిపి కొత్త సెట్ రైట్ చెయ్యి" అని ఒక్క బటన్ పెట్టి ఉంటే పోయేదేంటి? సాధ్యం కాదా? విండోస్ సెవెన్‌లోనే సిస్టం ఇమేజ్ తీసుకునే సదుపాయం ఉంది, ఉన్న సిస్టంని ఉన్నట్టు పట్టుకుంటుంది. అంటే సాధ్యమే. కంపెనీ వాడి ప్రోగ్రాంకి మాత్రం ఫ్యాక్టరీలో పెట్టినదే దేవుడి వాక్కు. పైగా ఒక్క సెట్టే రైట్ చేయనిస్తాడు. రెండోసారి అడిగితే "మీరు ఇప్పటికే తయారు చేసుకున్నారు" అని మొహం మీద చెప్తుంది.

అసలు డిస్కులు మనం ఎందుకు రైట్ చేసుకోవాలి? వేలకి వేలు పోసి కొంటే పెట్టెలో థర్మాకోల్ ఉంది, మనం చదవలేని పది భాషల్లో వారంటీ పుస్తకం ఉంది. నాలుగు డీవీడీలు పెట్టడానికి మాత్రం చేతులు రాలేదు. ఖాళీ డీవీడీలు కూడా నేనే ట్రంకు రోడ్డుకెళ్లి కొనుక్కున్నా.

అన్నిటికంటే మండేది చెప్తా వినండి. సెవెన్ కంటే ముందటి విండోస్ ఎక్స్‌పీ రోజుల్లోనే సర్వీస్ ప్యాక్ కలిపిన సీడీలు బజార్లో దొరికేవి. విండోస్ డీవీడీ విడిగా ఉన్నవాళ్లకి సెవెన్‌లోనూ ఆ వీలుంది. 2016లో సర్వీస్ ప్యాక్ 1 తర్వాతి అప్‌డేట్లన్నీ దాదాపుగా ఒకే మూటగా ఇచ్చి, దీన్ని ఇన్‌స్టాల్ డిస్క్ ఇమేజ్‌లోకే కలుపుకోండి అని చెప్పారు కూడా. దొంగ విండోస్ వేసే కుర్రాళ్లు ఆ పనే చేసుకుని డిస్కులు కొట్టుకున్నారు. వాళ్ల దగ్గర వేయించుకున్నవాడికి అన్ని అప్‌డేట్లతో సిస్టం అరగంటలో రెడీ. డబ్బు కట్టి, బిల్లు తీసుకుని, అసలైన స్టిక్కర్ అంటించిన ల్యాప్‌టాప్ కొన్న నాకు 2010 విండోస్, ఆట డెమోలు. రికవరీ డిస్క్‌లో ఉండేది కంపెనీ వాడు తనకి నచ్చినట్టు కట్టిన మూట. దాన్ని విప్పి అప్‌డేట్లు కలిపి మళ్లీ కట్టే దారి మామూలు మనుషులకి లేదు.

ఇదే సంగతి ఒకప్పుడు సర్వీస్ సెంటర్‌లో అడిగా. అప్పుడు డిస్కుల్లో ఒకటి గీతలు పడి చదవడం లేదు, ఇంకో సెట్ ఇవ్వండి అన్నా. "చెన్నై నుంచి రావాలి మేడం." ఎన్ని రోజులు? "చెన్నై వాళ్లు చెప్పాలి మేడం." అప్‌డేట్లు కలిపినవి వస్తాయా? "అది చెన్నైలో అడగాలి మేడం." కీబోర్డ్ పోతే చెన్నై, ఛార్జర్ పోతే చెన్నై. 1953లో మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం తెచ్చుకున్నాం, దానికోసం ప్రాణం ఇచ్చిన పొట్టి శ్రీరాములు గారి పేరు జిల్లాకి పెట్టుకున్నాం, మా ల్యాప్‌టాప్‌లకి మాత్రం ఆ కబురు ఇంకా చేరలేదు. చివరికి ఆ డిస్క్‌ని మెత్తటి గుడ్డతో తుడిచి తుడిచి నేనే చదివించుకున్నా. డబ్బులు కట్టినా రాని డిస్కులు ఇప్పటికీ చెన్నైలోనే ఉండి ఉంటాయి, మెరీనాలో షికారు చేస్తూ.

ఇంక "కొత్తది కొనుక్కో అక్కా" బ్యాచ్. కొన్నాను తమ్ముడూ, ఇంకో సిస్టం కూడా ఉంది. దాంట్లో విండోస్ టెన్. దానికీ 2025 అక్టోబర్ 14న సపోర్ట్ ఆపేశారు. విండోస్ లెవెన్‌కి వెళ్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ప్రాసెసర్ కొత్తది ఉండాలి, నీది చెల్లదు పో అన్నారు. శుభ్రంగా పనిచేస్తోంది అది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకైతే డీవీడీ డ్రైవే లేదు, రికవరీ కూడా అదే డిస్క్‌లో ఓ మూల దాస్తున్నారు. డిస్క్ పోతే రికవరీ కూడా దాంతోపాటే. ఎంత తెలివి!

సర్వీస్ ప్యాక్ ఎక్కుతోంది ఇప్పుడు. తర్వాత షా-2ది, దాని తర్వాత 2016 మూట, ఒక్కోదానికీ రీస్టార్ట్. అన్నీ అయ్యాక, ఏ ప్రోగ్రాం ఎక్కించకముందే ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి ఇమేజ్ తీసి పెడతా. కంపెనీ వాడి నాలుగు డిస్కులూ కాకులు రాకుండా మిద్దె మీద ఒడియాల పక్కన వేలాడదీస్తా. ఆ అరవై రోజుల యాంటీవైరస్‌ని ముందే పీకేశా. పోతూ పోతూ, మమ్మల్ని ఎందుకు వదిలేస్తున్నారో చెప్పండి అని ఒక పేజీ తెరవబోయింది. ఆ పేజీ తెరుచుకోలేదు.

విండోస్ బదులు లినక్స్ వేసుకోండి అని కామెంట్ పెట్టబోతున్న తమ్ముళ్లూ, చాలా సంతోషం. షాపు పొద్దున పదికి తెరుస్తా. వచ్చి అందులో పేజ్‌మేకర్ తెరిచి, అను ఫాంట్లతో ఒక్క బిల్ బుక్ కంపోజ్ చేసి, ప్రింట్ తీసి నా చేతిలో పెట్టండి. టీ నేనే ఇప్పిస్తా.