1900 దగ్గరే ఆగిపోయే కథ

హైబ్రిడ్ కార్ల మీద, అంటే పెట్రోల్ ఇంజనూ కరెంటు మోటారూ రెండూ ఉండే కార్ల మీద, ఏ వీడియో తెరిచినా అదే పాట: "1900లోనే ఫెర్డినాండ్ పోర్షే కనిపెట్టేశాడు!" అంతే, కథ కంచికి.

సరే, ఇంజనీర్ పోర్షే చేసిన ఆ బండి గొప్పదే. పేరు సెంపర్ వివుస్, అంటే ఎప్పుడూ ప్రాణంతో ఉండేదని. రెండు బుల్లి పెట్రోల్ ఇంజన్లు. వాటికీ చక్రాలకీ మధ్య గేరూ లేదు, చైనూ లేదు. ఇంజన్ తిప్పేది జనరేటర్‌ని. బండిని లాగేది ముందు చక్రాల హబ్బుల్లో, అంటే చక్రం నడిమధ్యలో, కూర్చోబెట్టిన మోటార్లు. సీరీస్ హైబ్రిడ్ అంటే ఇదే. దీన్ని టయోటా వాళ్ల హైబ్రిడ్ కారు ప్రియస్‌కి తాతని చేసేస్తారు చూడండి, అదొక తలనొప్పి. ప్రియస్‌లో ప్లానెటరీ గేర్ల (నడిమి గేరు చుట్టూ తిరిగే చిన్న గేర్ల) ద్వారా ఇంజన్ కూడా చక్రాలను తిప్పుతుంది, లెక్కే వేరు.

మరి మిగతా సగం? 1937లో పోర్షే నాజీ పార్టీలో చేరాడు. అదే పెట్రోల్-ఎలక్ట్రిక్ పద్ధతిని హిట్లర్ సైన్యానికి పట్టుకెళ్లాడు. 1943లో రష్యాలోని కుర్‌స్క్ యుద్ధంలో దిగిన, శత్రు ట్యాంకుల్ని వేటాడే 65 టన్నుల యంత్రం పేరే 'ఫెర్డినాండ్'. బ్యాటరీ లేదు, రాగి మాత్రం బోలెడు మింగింది, ఇంజన్లు వేడెక్కి మొరాయించేవి. ఇక ఫోక్స్‌వాగన్ ఫ్యాక్టరీలో యుద్ధకాలంలో వేలమంది ఖైదీల చేత, బలవంతంగా పట్టుకొచ్చిన కూలీల చేత వెట్టిచాకిరీ చేయించారు. దాన్ని నడిపిన పెద్దల్లో ఈయనా ఒకడు.

హబ్ మోటార్ బొమ్మకి మూడు నిమిషాలు ఇస్తారు కదా, ఆ కూలీలకి మూడు సెకన్లు ఇవ్వడానికి ఏం రోగం?