గుర్తుపెట్టుకోవడం నేరమా?

వాడేసిన వస్తువును పారేయడం మన ఇంటా వంటా లేదు. విరిగిన టేబుల్ ఫ్యాను, మూత పోయిన కుక్కరు, పెళ్లిలో వచ్చిన మూడో గోడ గడియారం అన్నీ అటకెక్కాల్సిందే. ఆ సంప్రదాయాన్ని వెబ్‌పేజీల భాష జావాస్క్రిప్టులోనూ నిలబెడుతూ, పనైపోయిన డేటాను మెమరీలోనే ఉంచేసే (దీన్నే మెమరీ లీకు అంటారు) ఫ్రంటెండ్ డెవలపర్లకు శాలువా కప్పాల్సింది పోయి, ‘ట్యాబ్ 2 జీబీ తింటోంది’ అని బగ్గులు వేస్తున్నారు.

నింద, అక్కర్లేని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్ మీదికి తోసేయడం ఇంకో అన్యాయం. అది వీధిలోకొచ్చే చెత్తబండి. గుమ్మం బయట పెట్టిన బుట్టను తీసుకెళ్తుంది గానీ, ఇంట్లోకొచ్చి అటక దించదు. పేజీకి మూలమైన విండో ఆబ్జెక్టు దగ్గర్నుంచి, నడుస్తున్న ఫంక్షన్ల వేరియబుల్స్ దగ్గర్నుంచి బయల్దేరి, రిఫరెన్సులు పట్టుకుని ఎక్కడిదాకా వెళ్లగలిగితే అక్కడిదాకా అంతా ప్రాణమున్నదే అంటుంది. ఆ వస్తువుతో మీకింకా పనుందా అని అడగదు, అందుతోందా లేదా అన్నదే దాని లెక్క. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 రోజుల్లో లీకు చాలా తేలిక: డామ్ నోడు (పేజీలోని ఒక భాగం) ఫంక్షన్ని, ఫంక్షను నోడును పట్టుకుంటే చాలు, ఆ జంటను విడదీసేవాడు లేడు. ఇప్పటి ఇంజన్లు బయటి నుంచి దారి లేకపోతే జంటనంతా ఊడ్చేస్తాయి. కాబట్టి ఈ రోజుల్లో లీకు చేయాలంటే పనితనం ఉండాలి.

ఉదాహరణకు పాపప్. తెరిచినప్పుడు విండోకు రీసైజ్ లిజనర్ (సైజు మారినప్పుడల్లా నడిచే ఫంక్షన్) తగిలించండి. మూసినప్పుడు రిమూవ్‌ఈవెంట్‌లిజనర్ కూడా పిలవండి, లేకపోతే కోడ్ రివ్యూలో అడుగుతారు. కాకపోతే తగిలించేటప్పుడు ఒక బైండ్ (ఫంక్షన్ని ఒక ఆబ్జెక్టుకు కట్టేది), తీసేటప్పుడు ఇంకో బైండ్ రాయండి. బైండ్ పిలిచిన ప్రతిసారీ కొత్త ఫంక్షన్ పుడుతుంది. మీరు తీసెయ్యమన్నది అసలు తగిలించనే లేదు గనక బ్రౌజరు ఎర్రర్ కూడా ఇవ్వకుండా మర్యాదగా ఊరుకుంటుంది. అసలు లిజనరు పాపప్ ఆబ్జెక్టును, ఆ ఆబ్జెక్టు తన డామ్ మూకనంతా పట్టుకుని కూర్చుంటాయి. టేబుల్లోంచి ఒక్క సెల్ వేరియబుల్లో దాచుకున్నా ఇదే ఫలితం: పేజీ నుంచి టేబుల్ తీసేశాక కూడా ఆ సెల్, దాని పేరెంటు, ఆ పేరెంటుకు పేరెంటు, ఇలా వంశమంతా మిగులుతుంది. అబార్ట్‌కంట్రోలర్ అని ఒక ప్రమాదకరమైన పరికరం ఉంది. లిజనర్లు తగిలించేటప్పుడే దాని సిగ్నల్ ఇచ్చి ఉంచితే, తర్వాత ఒక్క అబార్ట్ పిలుపుతో అన్నీ ఊడిపోతాయి. దాని జోలికి పోకండి.

ఒకే పనిని పదేపదే చేయించే సెట్ఇంటర్వెల్‌ది నిదానమైన దారి. సెకనుకోసారి 2 కేబీ డేటా అర్రేలో వేస్తూ దాన్ని ఆపే క్లియర్ఇంటర్వెల్ మరిచిపోతే, కళ్లముందు 8 గంటలు తెరిచి ఉంచిన డ్యాష్‌బోర్డులో 28,800 పోగులు, అంటే 56 ఎంబీ. బొమ్మ ప్రివ్యూ కోసం, ఫైలుకు తాత్కాలిక లింకు ఇచ్చే క్రియేట్ఆబ్జెక్ట్‌యూఆర్ఎల్ వాడి రివోక్ చేయకపోతే, బొమ్మ తీసేసినా ఆ బ్లాబ్ (ఫైలు డేటా) పేజీ ఉన్నంతకాలం ఉంటుంది. క్యాష్ కోసం నోడ్లనే కీలుగా పెట్టి మామూలు మ్యాప్ వాడండి. వీక్‌మ్యాప్ కీలను గట్టిగా పట్టుకోదు, దానికి బంధాల విలువ తెలియదు. డిలీట్ రాసి శుభ్రం చేశామని చెప్పుకోవడం కూడా బాగుంటుంది. అది ఆబ్జెక్టు మీది ప్రాపర్టీని తీసేస్తుందే తప్ప మెమరీని విడిపించదు, ఇంకెవరైనా ఆ విలువను పట్టుకుని ఉంటే అది అలాగే ఉంటుంది. 2021లో భాషలోకొచ్చిన, ఆబ్జెక్టు పోయాక కబురు చేసే ఫైనలైజేషన్‌రిజిస్ట్రీని నమ్ముకునే వాళ్లూ ఉన్నారు. దాని కాల్‌బ్యాక్ ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో ఎవరూ హామీ ఇవ్వరు. కరెంటాఫీసు ఫోను లాంటిదన్నమాట.

గిట్టనివాళ్లు మిమ్మల్ని ఎలా పట్టుకుంటారో కూడా తెలిసుండాలి. క్రోమ్ డెవ్‌టూల్స్‌లో మెమరీ ట్యాబ్ తెరుస్తారు. పాపప్‌ను ఒకసారి తెరిచి మూసి, మెమరీకి మొదటి స్నాప్‌షాట్ తీస్తారు. తర్వాత సరిగ్గా ఏడుసార్లు తెరిచి మూసి, రెండోది తీస్తారు. రెండింటినీ కంపారిజన్‌లో పోల్చి, తేడా గడిలో 7 ఎక్కడుందో వెతుకుతారు. కనిపించిందా, అదే ఏడేడు జన్మల బంధం. డిటాచ్డ్ (పేజీ నుంచి ఊడినా మెమరీలో మిగిలినవి) అని ఫిల్టర్ కొడితే అటక మొత్తం దిగుతుంది. కింద రిటైనర్స్ పలకలో ఎవరు ఎవర్ని పట్టుకున్నారో గొలుసుకట్టుగా ఉంటుంది. ఈలోగా మీరు కన్సోల్‌లోకి ఆ ఆబ్జెక్టును లాగ్ చేసి ఉంచితే ఇంకా మంచిది, కన్సోలే దాన్ని పట్టుకుని వాళ్ల లెక్క తప్పిస్తుంది.

ముఖ్యంగా కాల్‌బ్యాక్ ఫంక్షన్లకు పేర్లు పెట్టకండి. పేరుంటే ఆ గొలుసులో ఇట్టే కనబడి దొరికిపోతారు. ఊరూ పేరూ లేని ఫంక్షన్ అయితే అక్కడ వట్టి బ్రాకెట్లే ఉంటాయి. ఏ లైను ఎవరు రాశారో చెప్పే గిట్ బ్లేమ్‌లో మాత్రం మీ పేరు ఇంటిపేరుతో సహా ఉంటుంది.