మళ్ళీ వచ్చినవాళ్ళ లెక్క ఎవరి దగ్గరుంది?

స్థానిక సంస్థ ఆఫీసులో పనిచేసే మనిషిగా ఈ మాట చెప్పాలని చాలాకాలంగా ఉంది. మేం నెలనెలా పైకి పంపే రిపోర్టులో వచ్చిన దరఖాస్తులు ఎన్నో ఉంటుంది, పరిష్కరించినవి ఎన్నో ఉంటుంది, పెండింగ్ ఎంతో, గడువు దాటినవి ఎన్నో ఉంటుంది. ఒకే పని కోసం ఒకే మనిషి ఎన్నిసార్లు మా ఆఫీసు మెట్లెక్కాడో మాత్రం ఉండదు. ప్రజలకు అందుతున్న సేవ బాగుందో లేదో తేల్చేది ఆ ఒక్క లెక్కేనని నేను గట్టిగా నమ్ముతాను.

కౌంటర్ ముందు పొడుగాటి క్యూ చూడగానే ఎవరైనా ముందు అనే మాట "స్టాఫ్ చాలట్లేదు" అని. చాలాచోట్ల చాలరు కూడా, నిజమే. కానీ ఆ క్యూలో నిలబడ్డవాళ్ళని ఏ పనిమీద వచ్చారో అడిగి చూడండి. కొత్త పని మీద వచ్చినవాళ్ళు కొందరే ఉంటారు. "నా కాగితం ఎక్కడిదాకా వచ్చింది?", "ఏదో తక్కువైందని మెసేజ్ వచ్చింది, అదేంటో అర్థం కాలేదు", "పేరు తప్పు పడింది", "సార్ ఇవాళ రమ్మన్నారు" అనేవాళ్ళు ఎంతమంది ఉంటారో చూడండి. వాళ్ళ పని మొదటిసారే సవ్యంగా జరిగుంటే వాళ్ళు ఇవాళ ఇక్కడ ఉండేవాళ్ళే కాదు. ఇలాంటి రద్దీకి బ్రిటన్‌కు చెందిన మేనేజ్‌మెంట్ నిపుణుడు జాన్ సెడన్ 'ఫెయిల్యూర్ డిమాండ్', అంటే వైఫల్యం వల్ల పుట్టిన రద్దీ, అని పేరు పెట్టారు. పనిభారంతో ఊపిరాడట్లేదని ఆఫీసులు మొత్తుకుంటాయి. ఆ భారంలో ఎంత భాగం ఆఫీసులే పుట్టించుకున్నదో మాత్రం లెక్కపెట్టవు.

ఒకాయన సంగతి చెప్తాను. వాళ్ళమ్మగారి మరణ ధ్రువీకరణ పత్రంలో పేరు ఒక అక్షరం తప్పుగా ప్రింటయింది. రిజిస్టర్లో సరిగ్గానే ఉంది, టైప్ చేసేటప్పుడు జరిగిన పొరపాటు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. కానీ దిద్దే అధికారం కౌంటర్లో ఉన్నవాళ్ళకి లేదు. మళ్ళీ దరఖాస్తు పెట్టమన్నారు, గుర్తింపు కార్డు జిరాక్స్ తెమ్మన్నారు, అఫిడవిట్ తెమ్మన్నారు. అన్నీ తెచ్చేసరికి సంతకం పెట్టాల్సిన అధికారి మీటింగ్‌లో ఉన్నారు. పత్రం కోసం వచ్చినాయన కోప్పడలేదు. ప్లాస్టిక్ కవర్లోంచి వాళ్ళమ్మ ఫొటో ఉన్న కార్డు తీసి కౌంటర్ మీద పెట్టి, "మా అమ్మ పేరు నాకు తెలీదా అండీ?" అన్నారు.

తప్పు చేసింది ఆఫీసు. అది తప్పని రుజువు చేసే బాధ్యత మాత్రం తల్లిని పోగొట్టుకున్న మనిషిది. ఇది ఏ రకంగానూ న్యాయం కాదు. రిజిస్టర్లో ఒకటి, ప్రింటులో ఒకటి ఉన్నప్పుడు కౌంటర్లో ఉన్న ఉద్యోగే అక్కడికక్కడ దిద్ది, పుస్తకంలో రాసి, కొత్త కాపీ ఇచ్చేయాలి. పై అధికారి వారానికోసారి ఆ పుస్తకం తనిఖీ చేసుకోవచ్చు. ఇందులో కొంపలు మునిగేదేమీ లేదు.

మరి ఎందుకు ఇవ్వరు? భయం. సంతకం పెట్టినవాడికి ఆడిట్ అభ్యంతరం వస్తుంది, మెమో వస్తుంది. సంతకం పెట్టకుండా ఫైలు పైకి తోసినవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. కొన్నేళ్ళు ఇలా గడిస్తే ఎంత మంచి ఉద్యోగైనా ఫైలు పైకి పంపడమే క్షేమం అనుకుంటాడు. కింది ఉద్యోగుల్ని బద్ధకస్తులని తిట్టేవాళ్ళు ఈ సంగతి ఒక్కసారి ఆలోచించాలని నా మనవి. మంచి మనసుతో నిర్ణయం తీసుకున్నవాడి వెనక ఆఫీసు నిలబడితే చాలామంది మారతారు, నేను చూశాను.

ఇక యాప్‌లు. 1999లో దక్షిణ కొరియా రాజధాని సోల్‌లో గో కన్ మేయర్‌గా ఉండగా, అనుమతుల కోసం పెట్టుకున్న దరఖాస్తు ఏ అధికారి దగ్గర ఉందో ప్రజలు ఇంటర్నెట్‌లో చూసుకునే ఏర్పాటు చేశారు. లంచాలను అరికట్టాలనే పెట్టారు. అందులో అసలు విలువ కంప్యూటర్‌ది కాదు, కాగితం ఎవరి టేబుల్ మీద ఆగిందో బయటపెట్టడానిది. ఇవాళ ఎన్నో యాప్‌లు "ప్రాసెస్‌లో ఉంది" అని ఒక్క ముక్క చూపించి ఊరుకుంటాయి. ఆ ముక్క చూసిన మనిషికి టెన్షన్ పెరిగి మళ్ళీ కౌంటర్‌కే వస్తాడు. అలాంటప్పుడు యాప్ వల్ల క్యూ ఎలా తగ్గుతుంది?

ఎస్టోనియాలో ఒకసారి ప్రభుత్వానికి ఇచ్చిన వివరాన్ని మళ్ళీ అడగకూడదనేది నియమం. అక్కడ 2001 నుంచి శాఖల డేటాబేస్‌లను ఎక్స్-రోడ్ అనే వ్యవస్థ కలుపుతోంది. దానికి డబ్బు, టెక్నాలజీ కావాలి, ఒప్పుకుంటాను. కానీ మన ఆఫీసే ఇచ్చిన సర్టిఫికెట్‌కి జిరాక్స్ తెమ్మని మన ఆఫీసే అడగడం మానేయడానికి ఏ టెక్నాలజీ కావాలి? పక్క గదిలో బీరువా తీసి చూస్తే సరిపోతుంది.

మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళని లెక్కపెట్టాలంటున్నాను కదా, ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఇంగ్లండులో 2008లో స్థానిక కౌన్సిళ్ళన్నీ ఇలాంటి అనవసరపు రాకపోకల్ని, ఫోన్ కాల్స్‌ని లెక్కగట్టి చెప్పాలని కేంద్ర ప్రభుత్వం ఒక కొలమానం పెట్టింది. ఏది అవసరం, ఏది అనవసరం అని విడదీయడమే తలకు మించిన పనైందని విమర్శలొచ్చాయి. 2010లో దాన్ని ఎత్తేశారు. ఆలోచన మంచిదే. కానీ లెక్క పైవాళ్ళ కోసం అనగానే అంకె అందంగా కనిపించడమే పనైపోతుంది. గడువులకీ ఇదే జరుగుతుంది. ఎన్ని రోజుల్లో మూశారన్నదే చూస్తే, ఆఖరి రోజున ఏదో ఒక కొర్రీ వేసి దరఖాస్తు తిప్పిపంపాలనే బుద్ధి పుడుతుంది. కాగితం మీద ఫైలు మూసినట్టే, మనిషి మాత్రం మర్నాడు మళ్ళీ క్యూలో ఉంటాడు.

అందుకే ఈ లెక్క ఆఫీసు గడప దాటకూడదంటాను. ర్యాంకులు వద్దు, అవార్డులు వద్దు. కౌంటర్ రిజిస్టర్లో ఒక గడి పెంచండి: ఇదే పనికి ఇంతకుముందు వచ్చారా, వస్తే ఎందుకు తిరిగి రావాల్సొచ్చింది? వారం చివర కౌంటర్లో కూర్చునేవాళ్ళూ, రూలు మార్చే అధికారం ఉన్నవాళ్ళూ కలిసి కూర్చుని ఆ గడి చదవండి. అటెండర్‌ని కూడా పిలవండి. ఎవరు ఎందుకు తిరిగిపోతున్నారో అందరికంటే ముందు తెలిసేది అతనికే.

ఎక్కువసార్లు కనిపించిన కారణం ఒక్కటి పట్టుకోండి చాలు. నా అంచనా ప్రకారం అది "ఫలానా కాగితం తక్కువైంది" అనేదే అవుతుంది. ఆ కాగితం ఏ రూలు కింద అడుగుతున్నారో వెతకండి. రూలు దొరక్కపోతే ఆ సాయంత్రమే ఫారం నుంచి కొట్టేయండి.