ఇమ్యూనిటీ పెంచితే హెచ్‌ఐవీ పోదు

వాట్సాప్‌లో ఒక సందేశం చేతులు మారుతూ తిరుగుతోంది. మాటలు అటూఇటూ మారినా చెప్పేది ఇదే: హెచ్‌ఐవీ ఇమ్యూనిటీ తక్కువున్న వాళ్లకే వస్తుంది. ఇమ్యూనిటీ పెంచుకుంటే దానంతటదే పోతుంది. రక్తంలో యాంటీబాడీలు కనిపించాయంటే శరీరం గెలిచినట్టే. మనిషిని పాడు చేసేది ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందుల) మాత్రలే. సీడీ4 కౌంట్ (రక్తంలో ఒక రకం రోగనిరోధక కణాల లెక్క) బాగుంటే వాటితో పనిలేదు.

వినడానికి ప్రతి మాటా నిజంలాగే ఉంది. దీన్ని నమ్మి మాత్రలు ఆపేసేవాళ్లు ఉన్నారు కాబట్టే ఒక్కో మాటకీ జవాబు చెప్పాలి.

“ఇమ్యూనిటీ తక్కువున్న వాళ్లకే వస్తుంది.” ఈ వైరస్ కణంలోకి దూరడానికి కణం పైనుండే రెండు ప్రొటీన్లు కావాలి. ఒకటి సీడీ4 (ఇది ఉండే రోగనిరోధక కణాలనే సీడీ4 కణాలంటారు), రెండోది ఎక్కువగా సీసీఆర్5. రోజూ జిమ్‌కి వెళ్లే కుర్రాడిలోనూ, రక్తహీనతతో ఉన్న మనిషిలోనూ అవి ఉంటాయి. పుట్టుకతో సీసీఆర్5 లేనివాళ్లు కొందరున్నారు. ఉత్తర ఐరోపా మూలాల జనంలో నూటికి ఒకరు అలా ఉంటారు, మన దగ్గర బహు అరుదు. అది జన్యువుల సంగతి, తిండితో వచ్చేది కాదు.

“ఇమ్యూనిటీ పెంచుకుంటే పోతుంది.” అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న మాట ఇదే. అసలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

వైరస్ ఒంట్లోకి వచ్చిన రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామందికి జ్వరం, గొంతునొప్పి, ఒంటిమీద దద్దుర్లు వస్తాయి. ఆ సమయంలో ఒక్క మిల్లీలీటరు రక్తంలో వైరస్ లక్షల్లో, ఒక్కోసారి కోట్లలో ఉంటుంది. పేగుల గోడల్లో ఉండే సీడీ4 కణాల్లో చాలా భాగం ఆ కొద్ది వారాల్లోనే చచ్చిపోతాయి. ఈలోగా సీడీ8 అనే కణాలు వచ్చి, వైరస్ సోకిన కణాలను వెతికి చంపుతాయి. రక్తంలో వైరస్ బాగా తగ్గుతుంది. జ్వరం పోతుంది, మనిషి మామూలుగా తిరుగుతాడు. ఇదంతా రోగనిరోధక శక్తి చేసిన పనే. ఏ కషాయం లేకుండానే అది ఇంత పని చేస్తుంది.

అయినా వైరస్ పోదు. తనను తాను కాపీ చేసుకునేటప్పుడు అది తరచూ తప్పులు చేస్తుంది, వాటిని సరిదిద్దుకునే ఏర్పాటు దానికి లేదు. రోజుకు వందల కోట్ల కొత్త వైరస్‌లు పుడుతుంటే, అందులో కొన్ని సీడీ8 కణాలు గుర్తుపట్టలేని రూపంలో ఉంటాయి. అవి మిగిలి పెరుగుతాయి. వాటిని గుర్తుపట్టడం శరీరం నేర్చుకునేలోపు ఇంకో రూపం తయారవుతుంది.

ఇంకో సంగతి ఈ సందేశం రాసినవాళ్లకు తెలియదు. విశ్రాంతిగా ఉన్న సీడీ4 కణంలో ఈ వైరస్ సరిగ్గా పెరగలేదు. ఏదో ఒక క్రిమిని ఎదుర్కోవడానికి ఆ కణం చురుగ్గా మారినప్పుడే వైరస్‌కి అదను. హెచ్‌ఐవీని గుర్తుపట్టి దానిమీదకు వెళ్లే సీడీ4 కణాలకే అది ఎక్కువగా సోకుతుందని 2002లోనే తేలింది. వరికి యూరియా మోతాదు మించితే పైరుతోపాటు దోమపోటూ పెరుగుతుందని రైతులకు తెలుసు. ఇక్కడా అంతే, చురుకైన కణాలు పెరిగినకొద్దీ వైరస్‌కి మేత దొరుకుతుంది. పైగా పేగుల గోడ దెబ్బతినడంతో బాక్టీరియా పదార్థాలు రక్తంలోకి కారుతూ ఉంటాయి. దాంతో రోగనిరోధక వ్యవస్థ రాత్రీపగలూ రెచ్చిపోయే ఉంటుంది, చివరికి అలసిపోతుంది. అది నిద్రపోవడం వల్ల వచ్చిన సమస్య కాదిది.

ఇమ్యూనిటీ పెంచే పద్ధతిని డాక్టర్లు నిజంగానే పరీక్షించి చూశారు. ఇంటర్‌ల్యూకిన్-2 అనే ఇంజెక్షన్‌తో సీడీ4 కౌంట్ పెరుగుతుంది. రెండు పెద్ద అధ్యయనాల్లో సుమారు 5,800 మందిని ఏళ్ల తరబడి గమనించారు. 2009లో ఫలితాలొచ్చాయి. ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకు కౌంట్ పెరిగింది, కానీ జబ్బులు తగ్గలేదు, మరణాలూ తగ్గలేదు. అంత గట్టి మందుతో కానిది ఉసిరి పొడితో అవుతుందని చెప్పడం మోసం. మంచి తిండి తినాల్సిందే, పప్పూ గుడ్డూ పాలూ అన్నీ కావాలి. అయితే అవి ఒంటికి బలం ఇస్తాయి, వైరస్‌ని ఆపవు.

“యాంటీబాడీలు ఉంటే గెలిచినట్టే.” తట్టు వచ్చి తగ్గినవాళ్ల విషయంలో ఆ మాట నిజం. హెచ్‌ఐవీ పైపొర మీద చక్కెర అణువులు దట్టంగా కప్పుకుని ఉంటాయి, యాంటీబాడీలు పట్టుకోవాల్సిన చోట్లు వాటి వెనకే ఉండిపోతాయి. పట్టుకోగలిగిన చోట్ల రూపం మారిపోతుంది. అందుకే ఈ జబ్బులో యాంటీబాడీలు కనిపించి, పరీక్షలో నిర్ధారణ అయితే వైరస్ ఒంట్లో ఉందనే అర్థం. పసిపిల్లల్లో మాత్రం తల్లి యాంటీబాడీలు 18 నెలల దాకా ఉండొచ్చు కాబట్టి వాళ్లకు నేరుగా వైరస్‌నే వెతికే పరీక్ష చేస్తారు.

“మనిషిని పాడు చేసేది మాత్రలే.” ఈ భయానికి ఒక కారణం ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. మన దేశంలో ప్రభుత్వం 2004లో ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టిన రోజుల్లో స్టావుడిన్ అనే మందు వాడేవారు. దానివల్ల బుగ్గలు లోపలికి పోయేవి, అరికాళ్లు మండేవి. ఆ ముఖాలు చూసినవాళ్లు మర్చిపోరు. ఇప్పుడు ఆ మందు ఇవ్వడం లేదు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన ఒకే మాత్ర రోజుకు ఒకసారి వేసుకుంటే చాలు. ఇలాంటి మందులను ప్రపంచానికి పెద్ద ఎత్తున సరఫరా చేస్తున్న వాటిలో మన హైదరాబాద్ కంపెనీలూ ఉన్నాయి.

ఇంకో కారణం కూడా ఉంది. కౌంట్ బాగా పడిపోయిన మనిషిలో టీబీ చడీచప్పుడు లేకుండా ఉండొచ్చు, దానిమీద పోరాడే శక్తి ఒంట్లో లేదు కాబట్టి. మాత్రలు మొదలుపెట్టిన కొన్ని వారాలకు ఆ శక్తి తిరిగొస్తుంది, అప్పుడు ఒక్కసారిగా జ్వరం, మెడ దగ్గర గడ్డల వాపు కనిపిస్తాయి. ఇంట్లోవాళ్లు “మాత్రలు పడలేదు” అనుకుంటారు. నిజానికి రోగనిరోధక వ్యవస్థ కోలుకుంటోందని దానర్థం. దానికి చికిత్స ఉంది, ఏఆర్‌టీ సెంటర్‌కి వెంటనే వెళ్లాలి. సొంతంగా ఆపేస్తేనే ప్రమాదం.

ఈ అనుమానం ఎంత దూరం తీసుకెళ్తుందో దక్షిణాఫ్రికా చూసింది. థాబో ఎంబెకి అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ప్రభుత్వమే ఈ మందులను శంకించింది, ఆరోగ్యమంత్రి బీట్‌రూట్, వెల్లుల్లి, నిమ్మకాయ తినమని ప్రచారం చేశారు. 2000 నుంచి 2005 మధ్య మందులు సకాలంలో అందక 3.3 లక్షలకు పైగా ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు 2008లో అంచనా వేశారు.

“కౌంట్ బాగుంటే మాత్రలతో పనిలేదు.” కౌంట్ 500 పైనున్న 4,685 మందితో చేసిన ‘స్టార్ట్’ అధ్యయనం ఫలితాలు 2015లో వచ్చాయి. వెంటనే మందులు మొదలుపెట్టినవాళ్లలో తీవ్రమైన జబ్బులు, మరణాలు కలిపి 57 శాతం తగ్గాయి. మందులు లేకుండానే వైరస్‌ని అదుపులో పెట్టగలిగేవాళ్లు నూటికి ఒక్కరు కూడా ఉండరు.

“వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) కనిపించడం లేదు, ఇంక ఆపేయొచ్చు” అనేది కూడా ఇదే కోవ. వైరస్ జన్యువు కొన్ని సీడీ4 కణాల డీఎన్‌ఏలో కలిసిపోయి నిద్రాణంగా ఉంటుంది. రోగనిరోధక వ్యవస్థకు ఆ కణం కనిపించదు, మందూ దానిమీద పనిచేయదు. అమెరికాలోని మిసిసిపీలో పుట్టిన ఒక బిడ్డ మందులు ఆపాక రెండేళ్లకు పైగా వైరస్ లేకుండా ఉంది. ప్రపంచమంతా నయమైందనుకుంది. 2014లో మళ్లీ వచ్చింది. పెద్దవాళ్లలో అయితే సాధారణంగా కొన్ని వారాల్లోనే తిరిగొస్తుంది.

ఈ సందేశం నమ్మి ఇప్పటికే ఆపేసినవాళ్లు మీకు తెలిసుంటే, తిట్టకుండా వాళ్ల ఏఆర్‌టీ సెంటర్‌కి తీసుకెళ్లండి. ఎన్నాళ్లు ఆపారో దాచకుండా చెప్పమనండి. మందు మళ్లీ ఇస్తారు, వైరల్ లోడ్ చూస్తారు. ఇమ్యూనిటీ కోసమని వేసుకుంటున్న ఐరన్, కాల్షియం, జింక్ మాత్రల సంగతీ చెప్పాలి. వాటిని తప్పు టైమ్‌లో వేసుకుంటే డోలుటెగ్రావిర్ ఒంటికి సరిగ్గా పట్టదు. ఏది ఎప్పుడు వేసుకోవాలో కౌన్సెలర్ చెబుతారు. వెళ్లడానికి మొహమాటమైతే ముందు 1097కి ఫోన్ చేయొచ్చు, డబ్బులేం పడవు.